పాత వ్యర్థాల గుంతలో రేడియోధార్మికత నిజంగా పోయిందా? క్లీనప్‌ను దశలవారీగా సరిచూసే పద్ధతి

చెన్నై శివార్లలో పాత ఫ్యాక్టరీ స్థలాలు ఒక్కొక్కటే ప్లాట్లుగా, అపార్ట్‌మెంట్లుగా మారుతున్నాయి. "ఫలానా చోట ఒకప్పుడు రేడియోధార్మిక చెత్త పూడ్చారట, ఇప్పుడు తీసేశామంటున్నారు, నమ్మొచ్చా?" అని నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు తరచూ అడుగుతున్నారు. కొత్తగా సర్వే పనిలో చేరిన మన కుర్రాళ్లు మాత్రం "అన్నా, ముందు ఏం చేయాలో తర్వాత ఏం చేయాలో వరసగా చెప్పు" అంటారు. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

క్లీనప్ సరిగ్గా జరిగిందో లేదో తేల్చే అదను ఒక్కటే ఉంటుంది. మట్టి తవ్వి తీశాక, గుంత పూడ్చకముందు. ఆ నాలుగు రోజులు చేజారితే తర్వాత ఎంత ఖరీదైన మీటర్ తెచ్చినా పైపైన తడిమినట్టే అవుతుంది.

ఇంకో మాట. ఈ పని ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు. రేడియోధార్మిక పదార్థాల మీద అధికారం అణుశక్తి నియంత్రణ మండలిది, అంటే ఏఈఆర్‌బీది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం చెన్నైలోనే ఉంది. రసాయన వ్యర్థాల సంగతి తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. చాలా పాత గుంతల్లో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి రెండు చోట్లా ఫైలు ఉండాలి. చుట్టుపక్కల ఉండేవాళ్ల పని కాగితాలు అడగడం, కొలతల రోజున అక్కడ ఉండటం. తవ్వి చూడటం కాదు.

## 1. ఏం పూడ్చారో ముందు తేల్చుకోండి

మీటర్ తీసే ముందు పాత ఫైళ్లు తీయండి. ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది, ఏ ఏళ్లలో, చెత్త ఏ మూలకు పోసేవారు అన్నవి రాసుకోండి. పాత వాచ్‌మన్, లారీ డ్రైవర్ చెప్పే మాట ఒక్కోసారి మ్యాపు కంటే నయం. వాళ్లను ఆఫీసులో కూర్చోబెట్టి అడిగితే ఏమీ గుర్తురాదు, స్థలంలో నడిపించండి.

పరిశ్రమను బట్టి ఏం దొరకవచ్చో ఇలా ఊహించవచ్చు:

- పెట్రోమాక్స్ లైటు మాంటిళ్ల తయారీ: థోరియం
- మోనజైట్ ఇసుక శుద్ధి: థోరియం, రేడియం-228
- చీకట్లో వెలిగే పాత గడియారాల డయళ్లు: రేడియం-226
- ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలే జిప్సం: రేడియం-226
- చమురు పైపుల లోపల పేరుకున్న పొలుసు: రేడియం-226, రేడియం-228
- పనికిరాని గేజ్‌లు (ఫ్యాక్టరీల్లో మందం, మట్టం కొలిచేవి), పరికరాల్లోని సోర్సులు, అంటే సీలు చేసిన రేడియోధార్మిక ముక్కలు: సీజియం-137, కోబాల్ట్-60

పేరు తెలిస్తే సగం పని అయినట్టే. కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్లు. 40 ఏళ్లలో దాదాపు 200వ వంతుకు పడిపోతుంది. సీజియం-137ది 30 ఏళ్లు. రేడియం-226ది 1600 ఏళ్లు. థోరియం-232ది దాదాపు 1400 కోట్ల ఏళ్లు. "పూడ్చి చాలాకాలమైంది, ఈపాటికి చల్లారిపోయి ఉంటుంది" అన్న మాట కోబాల్ట్ విషయంలో కొంత నిజం, రేడియం, థోరియం విషయంలో పూర్తిగా తప్పు.

గేజ్‌లాంటి లోహపు ముక్క కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు. అందరూ వెనక్కి జరగాలి, ఏఈఆర్‌బీకి కబురు వెళ్లాలి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము మార్కెట్‌కు చేరిన కోబాల్ట్-60 ఒక మనిషి ప్రాణం తీసింది.

## 2. పాస్ గీత ఎక్కడుందో అంకెల్లో రాయించుకోండి

"సురక్షిత స్థాయికి తెచ్చాం" అన్న వాక్యానికి విలువ లేదు. కిలో మట్టిలో ఎన్ని బెకరెల్స్ (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్) దాకా ఒప్పుకుంటారు అన్న అంకె కావాలి. ఆ అంకె పక్కన నాలుగు విషయాలు ఉండాలి: ఏ మూలకానికి, సహజంగా ఉన్నదాన్ని తీసేశాకా కలిపా, ఎంత లోతుకు, ఎంత విస్తీర్ణం మీద సగటు.

అంకెలు ఎలా ఉంటాయో తెలియడానికి రెండు ఉదాహరణలు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పెద్ద మొత్తంలో ఉండే పదార్థానికి నియంత్రణ నుంచి విడుదల స్థాయిలుగా సీజియం-137కూ కోబాల్ట్-60కూ గ్రాముకు 0.1 బెకరెల్ (కిలోకు 100) చొప్పున, సహజ యురేనియం, థోరియం, వాటి నుంచి పుట్టే మూలకాల శ్రేణులకు గ్రాముకు 1 బెకరెల్ (కిలోకు 1000) చొప్పున ఇచ్చింది. అమెరికాలో యురేనియం మిల్లుల దగ్గరి నేలకు పెట్టిన ప్రమాణం వేరు. రేడియం-226 సహజ స్థాయి మీద పై 15 సెంటీమీటర్లలో కిలోకు 185 బెకరెల్స్, ఆ కింద ఒక్కో 15 సెంటీమీటర్ల పొరకు 555 బెకరెల్స్ మించకూడదు, సగటు 100 చదరపు మీటర్ల మీద తీయాలి.

మన స్థలానికి ఏది వర్తిస్తుందో అనుమతి పొందిన క్లీనప్ ప్లాన్‌లో ఉండాలి. ప్రజలకు అదనపు మోతాదు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్, ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది పెద్ద హద్దు. స్థలం గీత దానికి బాగా లోపలే ఉండాలి. పని మొదలయ్యాక గీతను మార్చారంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

## 3. పోల్చి చూడటానికి సరైన మామూలు నేలను ఎంచుకోండి

నా అనుభవంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

నేల ఏదైనా కొంత రేడియోధార్మికత సహజంగా ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా మామూలు మట్టిలో కిలోకు యురేనియం-238 సుమారు 35, థోరియం-232 సుమారు 30, పొటాషియం-40 సుమారు 400 బెకరెల్స్ ఉంటాయి. పాత అణుపరీక్షల నుంచి రాలిన సీజియం కూడా పై పొరలో కాస్త కనిపిస్తుంది. దీన్నంతా బ్యాక్‌గ్రౌండ్ అంటాం. స్థలంలో వచ్చిన అంకెను దీనితోనే పోల్చాలి.

చెన్నైలో మెలిక ఏమిటంటే నేల ఊరంతా ఒకే రకంగా ఉండదు. తీరం వెంబడి ఇసుకలో అక్కడక్కడ నల్ల చారలు కనిపిస్తాయి. అవి బరువైన ఖనిజాలు, వాటిలో కొంత మోనజైట్ ఉంటే థోరియం సహజంగానే ఎక్కువ వస్తుంది. లోపలికి వెళ్తే ఎర్ర నేల, చెరువుల పక్కన నల్ల బంకమట్టి. ఎర్ర నేల మీది స్థలాన్ని నల్ల చారల ఇసుకతో పోలిస్తే అసలు కాలుష్యం ఆ చాటున దాక్కుంటుంది. తిరగేసి పోలిస్తే సహజమైనదే కాలుష్యంలా కనిపించి అనవసరమైన టెన్షన్ పుడుతుంది.

కాబట్టి పోల్చే నేలకు ఇవి చూడండి:

- అదే రకం మట్టి, అదే లోతు
- స్థలం నుంచి వాన నీరు, గాలి దుమ్ము చేరని వైపు
- బయటి నుంచి తెచ్చి పోసిన గ్రావెల్, క్రషర్ డస్ట్, ఫ్లై యాష్ లేని చోటు
- ఒక్క కొలత కాదు, స్థలంలో ఒక్కో ముక్కకు (ముక్కల సంగతి 5లో) ఎన్ని కొలతలు తీస్తామో ఇక్కడా అన్నే

క్రషర్ డస్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రానైట్ పొడిలో పొటాషియం, థోరియం మామూలు మట్టి కంటే ఎక్కువగా ఉండవచ్చు. దాని మీద నిలబడి బ్యాక్‌గ్రౌండ్ తీస్తే గీత మొదటిరోజే తప్పుతుంది.

## 4. మీటర్‌ను నమ్మే ముందు పరీక్షించండి

మట్టిని దాటి పైకి వచ్చే గామా కిరణాలను పట్టడానికి రెండంగుళాల సోడియం అయొడైడ్ డిటెక్టర్ మేలు. చిన్న గైగర్ మీటర్ మనిషి భద్రతకు సరిపోతుంది కానీ, ఇంత సన్నని తేడాలు దానికి అందవు. ఇంటర్నెట్‌లో కొన్న చేతి మీటర్ గంటకు 0.12 మైక్రోసీవర్ట్ చూపించిందని స్థలం శుభ్రమని అనుకోవద్దు.

రోజూ పొద్దున, సాయంత్రం ఒకే చెక్ సోర్సును (మీటర్ పరీక్షకు వాడే చిన్న రేడియోధార్మిక బిళ్ల) ఒకే దూరంలో పెట్టి కొలవండి. పని మొదట్లో స్థిరపరచుకున్న అంకెకు 20 శాతం అటూ ఇటూ దాటితే ఆ రోజు కొలతలు పక్కన పెట్టాల్సిందే. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మీద తేదీ, పరికరం సీరియల్ నంబర్ రెండూ చూడండి. తేదీ బాగుండి నంబర్ వేరే మీటర్‌ది కావడం నేను చూశాను.

మరో ప్రశ్న: ఈ మీటర్ కనిపెట్టగలిగే కనిష్ఠ స్థాయి ఎంత? బ్యాక్‌గ్రౌండ్ కౌంట్లు, అంటే మీటర్ పట్టుకున్న కిరణాల లెక్క, 400 అయితే 400 వర్గమూలం 20, దాన్ని 4.65తో గుణించి 3 కలిపితే 96. అంటే అదే వ్యవధిలో కనీసం 96 కౌంట్లు అదనంగా ఇచ్చే కాలుష్యాన్నే నమ్మకంగా పట్టుకోగలం. ఆ స్థాయి పాస్ గీతలో సగానికి లోపే ఉండాలి. లేకపోతే "ఏమీ దొరకలేదు" అన్నదానికి "మాకు కనిపించలేదు" అని మాత్రమే అర్థం.

## 5. స్థలాన్ని ముక్కలు చేయండి

అంతా ఒకే సగటు తీస్తే చెడ్డ మూల మంచి మూలల్లో కలిసిపోతుంది. అమెరికాలో రేడియేషన్ సర్వేలకు వాడే మార్సిమ్ అనే పద్ధతి మనకూ పనికొస్తుంది. గుంత ఉన్న చోటు మొదటి తరగతి, దాని చుట్టుపక్కల రెండో తరగతి, ఏమీ ఉండదనుకునే మిగతా జాగా మూడో తరగతి. మొదటి తరగతి నేలను 2000 చదరపు మీటర్లు మించని ముక్కలు చేయాలి. అది సుమారు అరెకరం, చెన్నై లెక్కలో దాదాపు తొమ్మిది గ్రౌండ్లు.

ముక్కలో ఎన్ని శాంపిళ్లు అన్నది గణాంక లెక్క చెబుతుంది. 15 వచ్చాయనుకోండి. త్రిభుజాల గళ్లు గీస్తే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు 12.4 మీటర్లు. మొదటి చుక్కను లాటరీ తీసినట్టు ఎంచుకోవాలి, మనకు నచ్చిన చోట కాదు.

ఈ పద్ధతిలో మొదలుపెట్టే ఊహ ఏమిటంటే "ఈ నేల ఇంకా శుభ్రం కాలేదు". శుభ్రమైందని నిరూపించాల్సిన భారం కొలతల మీద ఉంటుంది. రిపోర్టులో ఊహ తిరగేసి ఉంటే, అంటే శుభ్రమనుకుని మొదలుపెడితే, తక్కువ కొలతలు తీసినవాళ్లకే లాభం.

## 6. నేల మీద నడిచి స్కాన్ చేయండి

మొదటి తరగతి నేలలో అంగుళం వదలకుండా నడవాలి. డిటెక్టర్ నేలకు సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తులో, సెకనుకు అర మీటరు వేగంతో, పాము నడకలా అటూ ఇటూ ఊపుతూ. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. అంకె మారేలోపే టిక్‌టిక్ శబ్దం చిక్కబడటం చెవికి తెలుస్తుంది. చిక్కబడిన చోట ఆగి, రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్లీ మెల్లగా వెళ్లి, చిన్న జెండా గుచ్చండి.

వాన పడిన వెంటనే కొలవకండి. గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు విచ్ఛిన్నమై పుట్టే పిల్ల మూలకాలు వానతో నేలకు దిగి కాసేపు అంకెను పెంచుతాయి. వాటి అర్ధాయువులు అరగంట లోపే, కాబట్టి వాన ఆగాక మూడు నాలుగు గంటలు ఆగితే పోతాయి. ఆ తర్వాత ఎదురు సమస్య వస్తుంది: తడి నేల కిందనుంచి వచ్చే గామాను అడ్డుకుని అంకెను తగ్గిస్తుంది. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో చివరి సర్వే పెట్టుకోకపోవడం మంచిది.

## 7. గుంత అడుగు, గోడలు: పూడ్చకముందే

మీటర్‌కు అందే గామాలో చాలా భాగం పై 15 నుంచి 30 సెంటీమీటర్ల మట్టి నుంచే వస్తుంది. రెండడుగుల శుభ్రమైన మట్టి కప్పితే కింద ఏమున్నా పైన దాదాపు ఏమీ తెలియదు.

ఒకసారి మేం సోమవారం కొలవడానికి వెళ్తామని రాసిపెడితే, శనివారం సాయంత్రమే గుంత పూడ్చేసి ఉంది. పైన రోలర్ తోలి చదును కూడా చేశారు. "మీటర్ సైలెంట్‌గా ఉంది కదా అన్నా, చాలదా?" అన్నాడు మా కుర్రాడు. చాలదు. నాలుగు బోర్లు వేయించి, ప్లాస్టిక్ పైపులో డిటెక్టర్‌ను తాడుతో అడుగు అడుగునా దించాం. మూడు బోర్లలో ఏమీ లేదు. నాలుగో దాంట్లో ఆరడుగుల దగ్గర కౌంట్ ఒక్కసారిగా మూడింతలైంది. గుంత మళ్లీ తవ్వాల్సి వచ్చింది.

వరస ఇలా ఉండాలి:

1. తవ్వడం పూర్తయ్యాక అడుగున నిలిచిన నీటిని తోడి ట్యాంకులో పట్టండి. పరీక్షించకుండా వాన నీటి కాలువలోకి వదలకూడదు.
2. గుంత గోడలు కూలకుండా దన్ను ఉందో లేదో చూశాకే లోపలికి దిగండి.
3. అడుగును, నాలుగు గోడలను స్కాన్ చేయండి. గోడను మరిచిపోవడం చాలా మామూలు, చెత్త పక్కకు పాకేది గోడలోకే.
4. జెండా పెట్టిన ప్రతి చోటా, గళ్ల చుక్కల దగ్గరా శాంపిల్ తీయండి.
5. అడుగుకు కింద ఇంకో మీటరు దాకా కనీసం కొన్ని బోర్లు వేయండి. నీటితో కిందికి దిగినది అలాగే తెలుస్తుంది.
6. ఫలితాలు వచ్చి, సంతకాలు అయ్యేదాకా గుంత తెరిచే ఉండాలి. చుట్టూ కంచె, పైన టార్పాలిన్.

గుంతలో అంకె పైకంటే ఎక్కువ చూపిస్తే వెంటనే కంగారు పడకండి. పైన నిలబడితే కింది నేల ఒక్కటే మీటర్‌ను చూస్తుంది. గుంతలో నాలుగు గోడలూ చూస్తాయి. ఇరుకు గుంతలో శుభ్రమైన మట్టే దాదాపు రెట్టింపు చూపించవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ చోట అదే కొలతల చిన్న గుంత తవ్వి దానితో పోల్చండి. "గుంతలో ఎక్కువే వస్తుంది లెండి" అని ఊరికే తోసిపుచ్చేవాళ్లకూ అదే జవాబు.

## 8. శాంపిల్ చేతులు మారే దారిని కాపాడండి

పై 15 సెంటీమీటర్ల మట్టిని కిలో పైనే తీసి, రాళ్లు, వేర్లు ఏరేసి, ట్రేలో బాగా కలపాలి. తర్వాత కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను జత చేయండి. ఒక జత ల్యాబ్‌కు, ఇంకోటి సీలు వేసి భద్రంగా దాచడానికి. గరిట, ట్రే ప్రతి శాంపిల్‌కూ కడిగి తుడవాలి.

సంచి మీద నంబర్, గడి, లోతు, తేదీ, సమయం, తీసినవారి పేరు. నోరు మూసిన చోట అడ్డంగా సంతకం చేసిన టేపు, విప్పితే చిరిగేలా. చేయి మారిన ప్రతిసారీ రిజిస్టర్‌లో ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకం పెట్టాలి. సంచి తీసిన చోటే, గడి నంబర్ కనిపించేలా ఫొటో తీయండి.

ఇది అతి జాగ్రత్త కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో హంటర్స్ పాయింట్ పాత నౌకాదళ యార్డు క్లీనప్‌లో కలుషిత చోటి మట్టికి బదులు శుభ్రమైన మట్టి పంపి రికార్డులు మార్చినందుకు 2018లో ఇద్దరు సూపర్‌వైజర్లకు జైలు శిక్ష పడింది. అక్కడ పరికరాలకు కొరత లేదు. సంచిలో మట్టి ఎక్కడిదన్నదే ఎవరూ పట్టించుకోలేదు.

శుభ్రం చేసిన కాంట్రాక్టరే చివరి శాంపిల్ కూడా తీయడం ఒప్పుకోవద్దు. కనీసం పదింట ఒక వంతు శాంపిళ్లు సంబంధం లేని మూడో పార్టీ తీసి, వేరే ల్యాబ్‌కు పంపాలి.

## 9. ల్యాబ్ రిపోర్టులో ఈ వరసలు వెతకండి

పొడి బరువా, తడి బరువా? ఐదో వంతు నీరున్న మట్టిలో తడి బరువు మీద కిలోకు 200 బెకరెల్స్ వస్తే పొడి బరువు మీద అది 250. గీత 220 అయితే ఒకే మట్టి ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో ఫెయిల్. 105 నుంచి 110 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూచారా అని అడగండి.

ఎన్ని రోజులు మూసి ఉంచారు? రేడియం-226ను ఎక్కువగా దాని పిల్ల మూలకం బిస్మత్-214 ఇచ్చే 609 కేఈవీ శక్తి ఉన్న గామా రేఖతో కొలుస్తారు. రేడియంకూ బిస్మత్‌కూ మధ్యలో పుట్టే రేడాన్ వాయువు తప్పించుకుపోకుండా డబ్బా గట్టిగా మూసి మూడు నాలుగు వారాలు ఉంచాలి. "మూడు రోజుల్లో రిపోర్ట్" అంటే రేడియం తక్కువ చూపించే అవకాశం ఉంది.

థోరియంను దేనితో కొలిచారు? సాధారణంగా ఆక్టీనియం-228 ఇచ్చే 911 కేఈవీ రేఖతో. ఆ ఆక్టీనియం పుట్టేది రేడియం-228 నుంచి. శుద్ధి చేసిన థోరియంలో రేడియం-228 విడిపోయి ఉంటుంది, అది మళ్లీ థోరియంతో సమాన స్థాయికి పెరగడానికి మూడు దశాబ్దాల దాకా పడుతుంది. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లే అయితే ఈ విషయం ల్యాబ్‌కు ముందే చెప్పాలి.

అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఉందా? అది లేని అంకెను వెనక్కి పంపండి.

## 10. పాసా, ఫెయిలా?

ఒకటి కంటే ఎక్కువ మూలకాలు ఉన్నప్పుడు విడివిడిగా గీత దాటలేదని సంతోషపడకూడదు. ఉదాహరణకు రేడియం, థోరియం రెండింటికీ బ్యాక్‌గ్రౌండ్ మీద కిలోకు 200 చొప్పున గీత ఉందనుకోండి. శాంపిల్‌లో 110, 120 వచ్చాయి. 110ని 200తో భాగిస్తే 0.55, 120ని భాగిస్తే 0.60, కలిపితే 1.15. ఒకటి దాటింది కాబట్టి ఫెయిల్.

సగటు పాసైనా ఒక్క చోట మాత్రం బాగా ఎక్కువ ఉంటే, ఆ చిన్న చోటుకు ప్లాన్‌లో విడిగా ఒక హద్దు ఉండాలి. లేకపోతే ఆ చోటు మళ్లీ తవ్వాలి. ఫెయిలైన ముక్కలో కేవలం ఆ చుక్క దగ్గర తట్టెడు మట్టి తీసి, మళ్లీ అక్కడే శాంపిల్ తీసి పాస్ అనడం మోసం. ముక్క మొత్తానికీ కొత్త చుక్కలతో సర్వే మళ్లీ చేయాలి.

## 11. పూడ్చే మట్టి, కింది నీరు

పూడ్చడానికి వచ్చే లారీల మట్టిని కూడా కొలవండి. శుభ్రమైన గుంతలో ఇంకో చోటి చెత్త మట్టి పోస్తే పడిన శ్రమ వృథా. గుంత అడుగున రంగు ప్లాస్టిక్ వల పరిచి పూడిస్తే, రేపు ఎవరైనా పునాదికి తవ్వినప్పుడు పాత అడుగు ఎక్కడుందో తెలుస్తుంది.

చుట్టూ మూడు నాలుగు పరిశీలన బావులు ఉండాలి, ఒకటి భూగర్భ నీరు వచ్చే వైపు, మిగతావి వెళ్లే వైపు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆల్ఫా కిరణాలిచ్చే పదార్థాలు లీటరుకు 0.1 బెకరెల్, బీటా కిరణాలిచ్చేవి 1 బెకరెల్ మించకూడదు. బీటా ఎక్కువ వస్తే ముందు పొటాషియం చూడండి (సహజంగా ఉండే పొటాషియం-40 బీటా ఇస్తుంది), చాలాసార్లు కారణం అదే అవుతుంది. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండు మూడేళ్లు వరసగా కొలవాలి.

## గుంత పూడ్చే రోజు గేటు దగ్గర చేతిలో ఉండాల్సినవి

- ☐ అనుమతి పొందిన ప్లాన్, అందులో మూలకం వారీగా గీత
- ☐ బ్యాక్‌గ్రౌండ్ చోటు మ్యాపు, దాని కొలతలన్నీ
- ☐ మీటర్ కాలిబ్రేషన్, రోజువారీ చెక్ సోర్సు పట్టిక
- ☐ అడుగు, గోడల స్కాన్ మ్యాపు, జెండాల జాబితా
- ☐ శాంపిళ్లు చేతులు మారిన రిజిస్టర్
- ☐ పొడి బరువు లెక్కన ల్యాబ్ రిపోర్టులు, మూడో పార్టీవి విడిగా
- ☐ తీసిన మట్టి ఏ లారీలో, ఎంత, ఏ అనుమతి ఉన్న చోటికి వెళ్లిందో రసీదులు
- ☐ దాచిన జంట శాంపిళ్లు ఎవరి దగ్గర, ఎన్నేళ్లు ఉంటాయో రాసిన కాగితం
- ☐ గుంత లోతు, అంచుల జీపీఎస్ గుర్తులు ఉన్న డ్రాయింగ్

వీటిలో ఏ ఒక్కటి "రేపు పంపిస్తాం సార్" అన్నా పూడిక రేపటికి వాయిదా వేయించండి. చివరి డ్రాయింగ్ మాత్రం మీ అసోసియేషన్ ఫైల్లో ఒక కాపీ, స్థలం పత్రాలతో పాటు ఒక కాపీ ఉంచండి. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ లిఫ్ట్ గుంత తవ్వబోయే ఇంజనీరు వెతికేది దానికోసమే.